ఏ వాక్యం చూసి అన్నావు?

జూన్ 12

మావయ్యా,

ఉత్తరం అంటే ముందు క్షేమ సమాచారాలు రాయాలంటావు నువ్వు. నేను క్షేమంగా లేను. మళ్ళీ తప్పాను. అదే తెలుగు పేపరు, అదే అపరిచిత గద్యం. లెక్కలు పాసై, సైన్సు పాసై, నోరు విప్పిన రోజు నుంచీ మాట్లాడుతున్న భాషలో తప్పినవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అమ్మకి నెమ్మదిగా చెప్పు.

నీకు తెలుసుగా, బస్సు గ్యారేజీలో హెల్పరు మెకానిక్ కావాలంటే పదో తరగతి పాసైన కాగితం చూపించాలి. బస్సు కిందికి దూరి నూనె కారుతున్న గేరుబాక్సు దించేటప్పుడు ఎవడూ ఏ కాగితమూ అడగడు. జీతం దగ్గరికొచ్చేసరికి అడుగుతారు. నిన్న ఫోర్‌మన్ నాచేత బ్రేకులు బిగించి, విప్పించి, మళ్ళీ బిగించి మళ్ళీ విప్పించాడు. "సరిగ్గా చెయ్యరా" అంటాడు. సరిగ్గా అంటే ఎలాగో చెప్పండి అంటే "పని తెలిసినోడికి తెలుస్తుంది" అంటాడు. తెలిస్తే నిన్నెందుకు అడుగుతానయ్యా!

పేపర్లో వచ్చిన గద్యం ఒక తోటమాలి గురించి. యజమాని మెచ్చుకున్నాడట, అయినా తోటమాలి సంతోషించలేదట. ఎందుకు సంతోషించలేదు అని ప్రశ్న. పేజీన్నర రాశాను మావయ్యా. జీతం పెంచకుండా వీపు తట్టి పంపేసే యజమానులందరినీ కడిగేశాను. సున్నా వేశారు. అతను నాటిన మొక్కలు ఎండిపోయాయని పై పేరాలోనే ఉందని ఇప్పుడు చెబుతున్నారు. ఉంటే ఉంది. నేను రాసింది అబద్ధమా?

ఇక్కడ పిల్లల బడిలో సాయంత్రంపూట పనివాళ్ళకి క్లాసు పెట్టారంటే వెళ్ళి చేరాను. కూర్చోడానికి చిన్నపిల్లల బెంచీలు. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. టీచరు వచ్చి మొదటి రోజే అడిగిన ప్రశ్నేమిటో తెలుసా? "చదివింది అర్థమైందని మీకు ఎలా తెలుస్తుంది?" నేనున్నాగా. "చదివాం కాబట్టి అర్థమైంది, ఇదేం ప్రశ్నండీ?" అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. "మంచిది. మరి చదివినా అర్థం కాలేదని ఎలా తెలుస్తుంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఒళ్ళు మండుతోంది. పాఠం చెప్పమంటే పొడుపుకథలు వేస్తారేమిటి?

మండుతూ ఉన్న,
నీ మేనల్లుడు


జూన్ 20

ఒరేయ్ పటాసూ,

నువ్వు మండినా ఆరినా ఆశీస్సులు ఆశీస్సులే. తీసుకో.

మీ అమ్మకి నెమ్మదిగానే చెప్పాను. ఆవిడ నాకంటే నెమ్మదిగా, "వాడు పేపరుతో కూడా పోట్లాడి ఉంటాడు" అని మళ్ళీ బీరకాయ చెక్కు తీసుకుంది. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాక, "చూశావా" అంది. అంతే.

నీ పేజీన్నర నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేనూ సున్నాయే వేసేవాణ్ణి. కాకపోతే పక్కన ఎర్ర సిరాతో "కోపం బాగుంది" అని రాసేవాణ్ణి. ఉద్యోగమంతా పేపర్లు దిద్దినవాణ్ణి రా నేను. ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పే కాగితాన్ని మేం "కీ" అనేవాళ్ళం. సీలు వేసిన కవర్లో వచ్చేది. దిద్దడం మొదలుపెట్టే రోజున, అందరి ఎదుటా విప్పేవాళ్ళం. ఇంట్లో మీ అత్తయ్యకి కూడా అందులో ఏముందో తెలియనిచ్చేవాణ్ణి కాదు. ఆవిడకి అక్కరా లేదనుకో, అది వేరే సంగతి.

మీ టీచరు ప్రశ్న నాకూ వింతగానే ఉంది. కానీ నీ నోరు మూయించిన మనిషిని తేలిగ్గా తీసెయ్యకు. ఇరవయ్యేళ్ళుగా మా వల్ల కాలేదు. ఇంతకీ వయసెంత ఆవిడకి? ఉత్తరంలో సగం ఆవిడే ఉంటేనూ, అడుగుతున్నాను.

అన్నం వేళకి తిను.

మావయ్య


జులై 4

మావయ్యా,

వయసు అడిగావు. ఆవిడ కొడుకు నాకంటే పెద్దవాడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. పగలంతా అదే గదిలో పిల్లలకి చెప్పి, సాయంత్రం మాకు చెబుతుంది. చాలా? సంబంధాలు వెతకడం ఆపి, నేను చెప్పేది విను.

పొడుపుకథ కాదు మావయ్యా అది. తప్పు నాది. ఇలా రాయడం నాకు అలవాటు లేదు, అందుకే ఒక్కసారే రాస్తున్నాను.

ఆవిడ ఒక చిన్న కథ చదివించి, నల్లబల్ల మీద ఒకే ప్రశ్నకి రెండు జవాబులు రాసింది. ఒకటి పొడుగ్గా, పెద్దపెద్ద మాటలతో. రెండోది పొట్టిది. ఏది మంచిదని అడిగింది. అందరం పొడుగుదానికే చెయ్యెత్తాం. "ఎందుకు?" అంది. మా క్లాసులో వాచ్‌మన్ తాత ఒకాయన ఉన్నాడు, "పొడుగ్గా ఉంది కదండీ" అన్నాడు. అందరం నవ్వాం గానీ, మా అందరి కారణమూ అదే. అప్పుడావిడ, "సరే, ఇందులో ఒక్కో మాటా కథలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి" అంది. పొడుగు జవాబుకి వెతికాం, వెతికాం. వేలు పెట్టడానికి చోటే లేదు! మొత్తం రాసినవాడి బుర్రలోంచి ఊడిపడింది. పొట్టిదానికి మాత్రం ప్రతి ముక్కకీ కథలో చోటుంది. ఆ పొడుగు జవాబు చూస్తుంటే నా తోటమాలి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"అయితే మంచి జవాబంటే ఎలా ఉండాలి? మీరే చెప్పండి, మీ మాటల్లోనే రాస్తాను" అంది. మేం చెప్పాం, ఆవిడ రాసింది. జరిగింది మన మాటల్లో చెప్పగలగాలి. ఏ వాక్యం చూసి అన్నామో చూపించాలి. కథలో చెప్పకపోయినా మనకి తోచింది ఉంటే, దేన్నిబట్టి తోచిందో చెప్పాలి. అసలు లేనిదాన్ని ఉందనకూడదు. ఈ చివరిది నేను చెప్పాను, నమ్ముతావా! ఇప్పుడది బల్ల మీద ఒక మూల ఉంది. ఎవరూ చెరపరు. పగటి పిల్లలు కూడా చెరపరు. ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు అటు చూస్తాం, రాసింతర్వాత అటు చూసి మా జవాబు మేమే సరిచూసుకుంటాం, తర్వాత పక్కవాళ్ళది. ఆవిడ మార్కులు వేసేలోపే ఎక్కడ తప్పామో మాకు తెలిసిపోతోంది.

నా పక్కన ఒకావిడ కూర్చుంటుంది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మేమంతా ఇస్త్రీ అక్క అంటాం. ఇన్నాళ్ళలో ఆవిడ గొంతు ఎవరం వినలేదు. టీచరు అడిగితే తల వంచుకుంటుంది. ఇప్పుడు మాత్రం వాక్యం మీద వేలు పెట్టి నా వైపు తిప్పి చూపిస్తుంది. పెట్టిన చోటు ఎప్పుడూ సరైనదే.

ఇంత చిన్న సంగతి నాకు ఎవడూ ఎందుకు చెప్పలేదు మావయ్యా? "బాగా చదువు, బాగా రాయి" అన్నవాళ్ళే అందరూ. గ్యారేజీలో ఫోర్‌మన్ లాగే. ఈవిడ ఏదీ దాచదు. పరీక్షలో మార్కులు దేనికి పడతాయో మొత్తం ముందే చెప్పేసింది. నీ కవరు సీలు చింపేసిందనుకో! ఈసారి పేపరు మా చేతిలో ఉన్నట్టే.

ఇలాంటి మనిషిని నేను చూడలేదు. ఇదీ రాయడం అలవాటు లేదు.

మేనల్లుడు


జులై 11

ఒరేయ్,

ఆ క్లాసుకి ఇక వెళ్ళకు.

మా పరీక్షా సెంటర్లో ఒక ఏడాది పేపరు ముందే బయటికొచ్చింది. ఒకరిద్దరు చేసిన పనికి పిల్లలందరి ఫలితాలూ రద్దు చేశారు. ఏమీ ఎరగని పిల్లలు కూడా గేటు దగ్గర నిలబడి ఏడ్చారు. కొందరు మళ్ళీ పరీక్షకే రాలేదు. నీకు ఆ గతి పట్టడం నేను చూడలేను. నువ్వు ఎన్నిసార్లు తప్పినా సరే, నిజాయితీగా తప్పు. నా మేనల్లుడు దొంగపాసు కావడం నాకొద్దు.

ఆవిడ మంచిదే కావచ్చు. మంచితనంతోనే చెబుతోందేమో. అయినా తప్పు తప్పే. నేను చెయ్యాల్సింది చేశాను. ఇంతకంటే రాయను.

మావయ్య


జులై 25

అయ్యా,

నువ్వు చేసిన పని వచ్చి సాయంత్రాలు మా గది తలుపుకి వేలాడుతోంది. తాళం.

టీచర్ని విద్యాశాఖ ఆఫీసుకి పిలిచారు. "పరీక్షా రహస్యములను ముందుగా వెల్లడించుచున్నట్లు అభ్యర్థి బంధువు ద్వారా తెలిసినది" అని ఆవిడకి చదివి వినిపించి, సంజాయిషీ రాయమన్నారు. అభ్యర్థి ఎవడు? బంధువు ఎవరు? క్లాసులో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. నాకు వెంటనే తెలిసింది. వాళ్ళకి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? వాచ్‌మన్ తాత నా భుజం మీద చెయ్యి వేసి "పోనీలేరా" అన్నాడు. ఆ మాటకంటే రెండు తగిలించి ఉంటే బాగుండేది.

టీచరు ఏమందో తెలుసా? "మీ మావయ్యగారు నీ గురించి భయపడి ఉంటారు" అంది. అంతే. ఉద్యోగం పోయే పరిస్థితి మావయ్యా ఆవిడకి! పగటి పిల్లల క్లాసు కూడా తీసేస్తారని ఆఫీసులో అంటున్నారట. ఇస్త్రీ అక్క ఆ తాళం ముందు నిలబడి కదలదు. "పదక్కా, ఇవాళ లేదు" అంటే అప్పుడు కదిలింది.

నీకు కుళ్ళు. జీవితమంతా సీలు వేసిన కవరు మీద కూర్చున్నావు. ఇంకెవరో దాన్ని అందరి ముందూ విప్పి పెడితే ఓర్చుకోలేకపోయావు.

నా ఉత్తరం పారేయకుండా ఉంటే, బయటికి తియ్యి. ఆవిడ ప్రశ్నపత్రం బయటపెట్టిందని నేనెక్కడ రాశాను? ఏ వాక్యం చూసి అన్నావు? వేలు పెట్టి చూపించు. చూపించలేకపోతే ఆ ఆఫీసుకి వెళ్ళి అదే మాట చెప్పు.

ఈసారి కింద మేనల్లుడని రాయడం లేదు.


ఆగస్టు 2

ఒరేయ్ పటాసూ,

నువ్వు రాయకపోయినా మేనల్లుడివే. అది నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

ఉత్తరం తీశాను. వేలు పెట్టాను. "పరీక్షలో మార్కులు దేనికి పడతాయో మొత్తం ముందే చెప్పేసింది." ఇది నీ వాక్యం. "నీ కవరు సీలు చింపేసిందనుకో." ఇదీ నీదే. "ఈసారి పేపరు మా చేతిలో ఉన్నట్టే." ఇది ఎవరిది? నేను పుట్టించలేదు. నువ్వు మెచ్చుకోవడం మొదలుపెట్టినా తిట్టినట్టే ఉంటుంది రా. నీ నోటి ధాటికి పక్కనున్న నిజం కూడా దెబ్బతింటుంది.

కోపం తెచ్చుకో, పర్లేదు. ఇంకా ఉంది.

వేలు అక్కడే ఉంచి, పై పేరాల్లోకి వెళ్ళి చదివాను. మీ అమ్మ పక్కన కూర్చుంది, గట్టిగా చదవమంది. రెండు జవాబుల సంగతి చదివాను. పొడుగుదానికి అందరూ చెయ్యెత్తిన సంగతి చదివాను. మీ మాటలే బల్ల మీద రాసిందని చదివాను. చదివి, ఇందులో పరీక్షలో రాబోయే ప్రశ్న ఒక్కటైనా ఉందా అని వెతికాను. లేదు. జవాబు ఒక్కటైనా ఉందా? లేదు. మంచి జవాబంటే ఏమిటో మాత్రమే ఉంది. అది కీ కాదు రా. అది చదువు. మొదటిసారి ఆ పేరా మీదుగా నా కళ్ళు వెళ్ళాయి గానీ నేను వెళ్ళలేదు. చివరి మూడు ముక్కలు కనబడగానే ఆ గేటు దగ్గర ఏడ్చిన పిల్లలు కనబడ్డారు, ఇంక ఏమీ కనబడలేదు. నువ్వు తోటమాలికి చేసిందే నేను నీ టీచరుకి చేశాను. నా సొంత భయాన్ని నీ ఉత్తరంలో చదువుకున్నాను.

మీ అమ్మ "ఇప్పటికైనా తెలిసిందా?" అంది. ఎవర్ని అందో అడగలేదు.

మర్నాడే బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి ఇమ్మన్నాను. ఇవ్వరట. ఒకసారి లోపలికి వెళ్ళిన కాగితం విచారణ లేకుండా బయటికి రాదట. ఈ సంగతి నాకే తెలియాలి, నేనూ ఆ శాఖలో పనిచేసినవాణ్ణేగా. అప్పుడు నీ ఉత్తరంలో ఆ పేరాని పొల్లు పోకుండా నకలు రాసి, కింద "దీనిని నేను తప్పుగా గ్రహించితిని" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి గుమస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూడనీ.

ఒక అధికారి మీ క్లాసుకి వస్తాడట. టీచర్ని బయట కూర్చోబెట్టి, తనే తెచ్చిన గద్యం మీ ముందు పెడతాడట. మీరు చదివి చెప్పేదాన్నిబట్టి తేలుస్తాడట. ఆవిడ తల మీదికి నేను తెచ్చిన కత్తి ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. నువ్వు మాత్రం నోరు అదుపులో పెట్టుకో. బతిమాలుతున్నాను.

కుళ్ళు అన్నావు. మొదట లేదు. రెండోసారి చదివాక కాస్త వచ్చింది. అలాంటి టీచరు నాకు దొరకలేదు, నేనూ అలాంటి మేష్టర్ని కాలేదు.

మావయ్య


ఆగస్టు 30

మావయ్యా,

ఆ మూడు వాక్యాలూ నావే. అవి చదువుతుంటే ఎవడో తాగి రాసినట్టున్నాయి. "ఉన్నట్టే", "అనుకో" అని రాశాను కదా అని మొదట నీతో వాదించబోయాను. ఎదుటివాడికి ఎలా వినబడుతుందో చూసుకోకుండా రాసింది నేనే కాబట్టి వాదన మూసేశాను. కుళ్ళు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఆఫీసులో ఆ సంతకం పెట్టడానికి ఎంత అభిమానం దిగమింగుకుని ఉంటావో నాకు తెలుసు. నేనైతే పెట్టను.

అధికారి వచ్చాడు, ఆ ఒక్క సాయంత్రానికి తాళం తీయించాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో చిన్న సంచీ. టీచర్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బల్ల మూలనున్న మా మాటలు చదివాడు, మొహంలో ఏమీ కనబడలేదు. చెరిపెయ్యమంటాడేమోనని చూశాను. చెరపమనలేదు. తలొక కాగితం పంచాడు. గడియారాలు బాగుచేసే ఒకాయన గురించి. ఊరి మధ్య గోపురం మీద పెద్ద గడియారం ఉంటుంది. అది ఆయనే చూసుకునేవాడు. ఒక ఉదయం దాన్ని ఆపి, తాళాలు బల్ల మీద పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

ముందు మామూలు ప్రశ్నలు అడిగాడు. తాత చెప్పాడు, మిగతావాళ్ళూ చెప్పారు. ఏ వాక్యం చూసి చెబుతున్నామో ఎవరూ అడగకుండానే చూపించాం. అప్పుడు కాగితం మడిచి, "ఆయన ఊరు ఎందుకు వదిలి వెళ్ళాడు? కోపం వచ్చిందా?" అన్నాడు.

మావయ్యా, నా గొంతులోకి పేజీన్నర వచ్చేసింది. ఎవరూ పట్టించుకోని పనివాడి గురించి ఎంత చెప్పగలనో నీకు తెలుసు. నోరు కూడా తెరిచాను. తెరిచి, వేలు కాగితం మీద పెట్టాను. పై నుంచి కిందిదాకా జరిపాను. ఎక్కడా ఆగలేదు. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని గేరుబాక్సు కింద కూడా చెయ్యలేదు.

వరండాలో టీచరు వీపు కనబడుతోంది, కదలడం లేదు. ఎవరూ చెప్పకపోతే మాకేమీ రాదనుకుంటాడు. ఏదో ఒకటి చెబితే ఆవిడ నేర్పింది ఇదేనా అనుకుంటాడు.

అప్పుడు నా పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. ఎవరా అని నేనే తిరిగి చూశాను.

"ఎందుకు వెళ్ళాడో ఇందులో లేదండి" అంది ఇస్త్రీ అక్క.

"ఊహించి చెప్పమ్మా" అన్నాడు అధికారి.

ఆవిడ లేచి నిలబడింది. బెంచీ కిర్రుమంది. "కోపం మాత్రం కాదేమోనండి. ఇదిగో, తాళాలు చిన్నదాని పక్కన పెద్దది వచ్చేలా వరసగా పేర్చి వెళ్ళాడని ఉంది. కోపమొచ్చినోళ్ళు విసిరి పోతారు కదండి. ఆయన పేర్చాడు. దాన్నిబట్టి నాకు అలా తోచిందండి. అయినా ఎందుకు వెళ్ళాడో అయితే రాయలేదు. తోచింది వేరు, రాసి ఉంది వేరు కదండి."

అధికారి తన కాగితం విప్పి, ఆ వాక్యం వెతుక్కుని చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఈ ప్రశ్న నేను ఇప్పటికిప్పుడు అడిగింది. దీనికి జవాబు ఎవరూ ముందు చెప్పి ఉండరు" అన్నాడు. మాతో కాదు, తనలో తనే. వెళ్తూ వెళ్తూ టీచరు ముందు ఆగి నమస్కారం పెట్టాడు. తేల్చింది ఆఫీసు నుంచి కాగితంలో వస్తుందన్నాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అడగకు. గ్యారేజీలో ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదంటే అర్థం చేసుకో. ఫోర్‌మన్ నాకు జ్వరమేమోనని అడిగాడు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తాళం తీసి గదిలోకి రానిచ్చారు గానీ, అది క్లాసు పెట్టుకోడానికో, సామాను పట్టుకుపోడానికో మాకు తెలియదు. టీచరు కాగితం తీసుకుని చదివింది. మేమంతా ఆవిడ మొహం చదవబోయాం. ఏమీ దొరకలేదు. ఆవిడ చాక్‌పీసు తీసుకుని, ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు నల్లబల్ల మీద రాసింది:

"విచారణ జరిపిన మీదట, సదరు తరగతి బోధనా విధానమునందు అభ్యంతరకరమైన అంశమేదియు కానరానందున, తరగతిని యథావిధిగా కొనసాగించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది."

వాచ్‌మన్ తాత "మంచా, చెడ్డా? ముందది చెప్పమ్మా తల్లీ!" అన్నాడు.

"మీరే చెప్పండి" అంది టీచరు.

నాకు తెలిసింది. తాతకీ తెలిసిపోయింది, తొడ మీద చరుచుకుంటున్నాడు. అయినా ఎవరం అరవలేదు. అందరం ఇస్త్రీ అక్క వైపు చూశాం. ఆవిడ లేచి బల్ల దాకా నడిచి వెళ్ళింది. "కానరానందున" అన్న మాట మీద వేలు పెట్టింది. "వెతికారట. తప్పేమీ కనబడలేదట." వేలు జరిపి "కొనసాగించుటకు" దగ్గర ఆపింది.

"మీ మాటల్లో చెప్పండి" అంది టీచరు.

ఇస్త్రీ అక్క మా అందరి వైపూ తిరిగింది.

"రేపు కూడా రమ్మంటున్నారు" అంది.

నీ మేనల్లుడు